కోసేసిన తెలుపు

నారాయణమ్మ అద్దం కోసే వజ్రాన్ని బద్ద పక్కగా లాగింది. కిర్రుమంది. వేలితో తట్టగానే ముక్క విడిపోయింది. గాట్లు పడ్డ బొటనవేలికి పాత చీర పేలిక చుట్టి ఉంది. పటాలు కట్టే ఆ బల్ల భర్తది. అతను పోయాక ఆమె కూర్చుంటోంది. ఫ్లెక్సీలు వచ్చాక శ్రీకాకుళంలో పటాలు కట్టించుకునేవాళ్లు తగ్గారు. బల్ల తీసేసి ఫ్లెక్సీ మిషను పెట్టాలని కొట్టు యజమాని జగన్నాధం ఎప్పటినుంచో చూస్తున్నాడు. ఒక్క తప్పు దొరికితే చాలు అతనికి.

ఆ ఉదయం ఆమె ముందున్నది డ్రాయింగు మాస్టారు భాస్కర్ ఇచ్చిపోయిన కాగితం. చాపంత కాగితానికి ఎడమ పక్కగా నల్ల సిరా గీత ఒక్కటే. పైన లావుగా మొదలై పోనుపోను వెంట్రుకంత అయింది. మిగతాదంతా తెలుపే. ఆమెకు ఒళ్లు మండింది. ఈ మనిషికి సిరా కరువొచ్చిందా? "ముకం ఉంచాల, కాళీ కొయ్యాల. అద్దం దండగ సెయ్యకు" అనేవాడు భర్త. పోయినవాళ్ల ఫొటోలన్నీ అలాగే కట్టాడు. ఆమె కత్తెర తీసి, గీత చుట్టూ నాలుగు వేళ్ల మేర ఉంచి, తెలుపంతా కోసేసి, మిగిలిన ముక్కకి పటం కట్టింది.

పొద్దెక్కాక భాస్కర్ వచ్చాడు. పటం చూడగానే అతని ముఖం మాడిపోయింది. ఎవరు కోశారని అడిగాడు.

"నానే బాబూ. అటేపు ఏటీ లేదు కదా."

"ఆ ఏటీ లేనిదే బొమ్మ. గీత దానికి ఒడ్డు, అంతే."

ఒడ్డు అన్న మాట ఆమెకు గుచ్చుకుంది. పుట్టింది కళింగపట్నం దగ్గర చేపల వేటగాళ్ల ఊళ్లో. తండ్రి పడవ కనుమరుగయ్యాక కూడా ఇసుకలో కూర్చుని, ఏమీ లేని ఆ నీళ్లకేసి పొద్దంతా చూసేది. పటం చేతిలోకి తీసుకుంది. గీత చట్రం మధ్య నల్ల పుల్లలా ఇరుక్కుని ఉంది.

"సముద్రం నరికీసినాను" అంది.

ఆ మాటకు భాస్కర్ ఇంకా మండిపోయాడు. ఇప్పుడు తెలిసి ఎవడికి లాభమని పటం బల్ల మీద పడేసి వెళ్లిపోయాడు.

గల్లాపెట్టె దగ్గర్నుంచి అంతా చూస్తున్న జగన్నాధం గొంతు పెంచలేదు. "సముద్రం ఇంటికెల్లి సూసుకో. రేపు బల్ల తీసేస్తన్నాను."

ఆమె బతిమాలలేదు. తప్పు తన చేతిదో, మొగుడి మాటదో తేలలేదు. కొంగుకి అంటిన అద్దప్పొడి దులుపుకుని, మెట్లు దిగి, ఆటోల రొదలో కలిసిపోయింది.

బల్ల పక్కన మేకుకి ఆమె స్టీలు కేరేజీ వేలాడుతోంది, మూతైనా తియ్యని చోడిపిండి అంబలితో.