ఎడమచేతికి నలభై ఒకటి

మా మరదలికి ఎడమచేత్తో ఆడటం రాదని లోకానికంతటికీ చాటిందెవరో కాదు, నేనే. వీధిలో నిలబడి చాటలేదు. ప్రతి ఏడాదీ కొత్తగా విడుదలయ్యే బాస్కెట్‌బాల్ వీడియో గేమ్ ఒకటుంది. అందులో నిజం ఆటగాళ్ళే బొమ్మలుగా పరుగెడతారు. ఎవరి పరుగుకి ఎంత, ఎవరి గురికి ఎంత అని వందకి మార్కులు వెయ్యడం నా ఉద్యోగం. మా ఆవిడ చెల్లెలు ఒక క్లబ్బు జట్టులో ఆడుతుంది. నిరుటి గేమ్‌లో ఆమె కుడిచేతికి ఎనభై ఆరు వేశాను, ఎడమచేతికి నలభై ఒకటి. అక్కడికీ ఒకటి ఎక్కువే వేశాననుకున్నాను.

"సొంత మనిషి కదా, ఇంకో పాతిక కలిపితే మీ సొమ్మేం పోయింది అల్లుడుగారూ?" అన్నారు మా అత్తగారు. మా ఆవిడ మూతి ముడుచుకుని తిరిగింది. మరదలు మాత్రం నవ్వి ఊరుకుంది. తర్వాత ఒకరోజు, "బావా, ఇకమీదట నువ్వు నా ప్రాక్టీసుకి రావద్దు, నువ్వు చూస్తుంటే నా ఆట సాగదు," అంది. అలిగిందనుకున్నాను. న్యాయంగా పనిచేసేవాడికి ఇంట్లో దక్కే మర్యాద ఇంతేనని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నొచ్చుకున్నమాట మాత్రం నిజం.

ఆ గేమ్ గురించి కూడా న్యాయంగానే చెప్పాలి. బూటు నేలకి రాసుకున్న కీచుమనే చప్పుడు, బంతి జారినప్పుడు వల ఊగే తీరు, ఫ్రీత్రోకి ముందు ఒక్కొక్కరూ అరచెయ్యి తుడుచుకునే పద్ధతి, ఇవన్నీ అచ్చుగుద్దినట్టు దింపుతారు. మా మరదలి బొమ్మ జుట్టు ముడి బిగించుకోవడం చూసి అత్తగారు టీవీ దగ్గరికి కుర్చీ జరుపుకున్నారు. ఇక లోపాలంటారా, బంతి చేతిలో లేని ఆటగాడు గుంజలా నిలబడతాడు. వ్యాఖ్యాత పాడిన పాటే పాడతాడు. అన్నిటికన్నా పెద్ద లోపం, అందులో ఎవరూ ఏమీ నేర్చుకోరు. మేం వేసిన అంకెలోనే ఏడాదంతా ఉండిపోతారు. మధ్యలో మార్పులు పంపడానికి వీలుంది, కానీ చూడనిదాన్ని నేను మార్చను.

ఈ ఏడాది ఆఖరి మ్యాచ్‌కి ముందు కోచ్ మరదలితో ఖరాఖండిగా చెప్పాడు. ఈ ఆట చూశాకే వచ్చే ఏడాదికి ఉంచాలో వద్దో తేలుస్తానన్నాడు. జట్టులో అందరికన్నా పెద్దది ఆమే. మోకాలికి రెండుసార్లు ఆపరేషనైంది. ఈ క్లబ్బు వద్దంటే ఇంకెవరూ పిలవరు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

మ్యాచ్ నాడు ఆటహాలు గుమ్మంలో అవతలి జట్టు అమ్మాయి నన్ను గుర్తుపట్టి పలకరించింది. మరదలికి అడ్డం నిలబడాల్సింది ఆ అమ్మాయే.

"సార్, మీ గేమ్‌లో ఏడాదంతా ఆవిడ మీదే ఆడానండీ. ఎడమవైపుకి తోసేస్తే ఇంక పనైపోయినట్టే. చాలా బాగా వేశారు మార్కులు."

ఎవరో మెచ్చుకుంటుంటే పారిపోవాలనిపించడం నాకు అదే మొదటిసారి. వెళ్ళి మా ఆవిడ పక్కన కూలబడ్డాను. ఆమె మాత్రం తాపీగా నీళ్ళు తాగుతోంది.

ఆట మొదలైంది. ఆ పిల్ల చెప్పినట్టే చేసింది. కుడివైపు దారి మూసేసి, ఎడమవైపు తలుపు బార్లా తీసిపెట్టింది. మరదలు ఎడమకి తిరిగింది. బంతి ఎడమచేతికి మారింది, రెండు అంగల్లో బుట్ట కిందికి చేరింది, బంతి లోపల పడింది. ఏదో కలిసొచ్చిందిలే అనుకున్నాను. మళ్ళీ అలాగే వెళ్ళింది, మళ్ళీ పడింది. ఆ పిల్ల తన కళ్ళను నమ్మలేదు, నా అంకెనే నమ్మింది. ఇంకా ఇంకా ఎడమకే తోసింది. మూడోసారికి నేను లేచి నిలబడ్డాను. పక్కకి చూస్తే మా ఆవిడ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

చివర్లో అవతలి జట్టు తేరుకుని మ్యాచ్ గెలిచింది. అయినా కోచ్ మరదలి భుజం తట్టి, "వచ్చే ఏడాది ఉంటున్నావు," అన్నాడు.

ఇంటికి వస్తూ కారు నేనే నడిపాను. వెనకసీట్లో మరదలు అక్క ఒళ్ళో కాళ్ళు చాపుకుని కూర్చుంది, మోకాలి మీద ఐసు సంచి పెట్టుకుని.

"ఎప్పట్నుంచి ఇది?" అన్నాను.

"నిరుడు నీ గేమ్ వచ్చిన మర్నాటి నుంచీ. నలభై ఒకటి నిజమే బావా. కోచ్ కూడా ఆ మాట నా మొహం మీద చెప్పలేదు. ఆరోజు గదిలో తలుపేసుకుని ఏడ్చాను. తర్వాత తాళం తియ్యడం, తల దువ్వుకోవడం, అన్నీ ఎడమచేత్తోనే. బంతి మీ వెనకగోడకి కొట్టేదాన్ని, నువ్వు ఆఫీసుకి వెళ్ళాక."

"బంతి అందించింది నేనే," అంది మా ఆవిడ.

"అత్తగారు?"

"గోడ మీద మరకలు తుడిచింది అమ్మే," అంది మరదలు.

అంటే మా ఇంట్లో ఏడాదిపాటు ఇంత సంబరం జరిగింది. అది తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే.

"నాకు చెప్తే ఏం పోయేది?" అన్నాను.

"చెప్తే వచ్చి చూస్తావు, చూస్తే మార్కులు మార్చేస్తావు, అవతలివాళ్ళకి తెలిసిపోతుంది. మ్యాచుల్లో కూడా ఇవాళ్టిదాకా బయటపెట్టలేదు. నీకు అబద్ధం చేతకాదు బావా."

అది మెచ్చుకోలో దెప్పిపొడుపో తెలియలేదు. రెండూ అనే ఇప్పటికీ అనుకుంటాను. సిగ్నల్ దగ్గర ఆగాం. రేపు కొత్త గేమ్‌కి మార్కులు పంపాలి. ఉన్నదున్నట్టు వేస్తే వచ్చే ఏడాది ఆమెకి రెండువైపులా దారి మూసేస్తారు. తక్కువ వేస్తే ఆ ఉద్యోగంలో నేనుండి దండగ. ఆ సంగతి వెనకున్న ఇద్దరికీ తెలుసు.

"చూసింది చూసినట్టు వేస్తాను," అన్నాను చివరికి. "ఎడమచేతికి డెబ్బై తొమ్మిది."

"వెయ్యి బావా. నువ్వలాగే వేస్తావని తెలుసు," అంది మరదలు. "అందుకే ఇవాళ అన్నీ చూపించలేదు."

అద్దంలో చూశాను. అక్కాచెల్లెళ్ళిద్దరూ చెరో కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.