బాపయ్యను బతికిచ్చినందుకు

మా గని దవాఖానకు రోగం తగ్గాలని వచ్చేటోళ్లు తక్కువ. రోగం ఉన్నదని రాసియ్యిమని వచ్చేటోళ్లే ఎక్కువ. ఇక్కడి కాయిదా గసొంటిది. కొలువుల ఉన్నోన్ని డాక్టరు అన్‌ఫిట్ అంటే ఆ కొలువు కొడుక్కొస్తది. కొలువుల ఉండంగ సచ్చిపోయినా కొడుక్కే. వయసైపోయి దిగిపోతే మాత్రం ఒక శాలువ, ఒక గోడ గడియారం, ఇంక ఇంటికి నడువు. అందుకే మహారాష్ట్రల రాజురా దిక్కున్న ఈ కాలనీల తండ్రి గట్టిగ దగ్గితే ఇంటిల్లిపాది మొకాలు వెలుగుతయి.

నేను అంబులెన్సు నడుపుత. ఎనిమిదిల బడి ఇడిసిపెట్టినోన్ని, నాకు మందుల సంగతి తెల్వది. డాక్టర్లను మాత్రం శానామందిని చూసిన. వచ్చిన దినం నుంచే నాగ్‌పూర్‌కు బదిలీ అడుగుతరు. అక్షర మేడం వరంగల్ పిల్ల, మొదటి కొలువు. కిటికీ మీద తుడిచిన గంటకే పేరుకునే బొగ్గుపొడి చూసి ఏడుస్తదనుకున్న. ఏడ్వలే. తెలుగోళ్లందరు సంబురపడ్డరు, మన డాక్టరమ్మ వచ్చింది, మన మాట ఇంటదని. ఇనలే.

ఫిట్టో అన్‌ఫిట్టో చూసే మెడికల్‌కు పోయే ముందు మావోళ్లు చేసే పని ఒకటుంది. గనిల నుంచి తీసిన మట్టిని ఊరి పక్కన గుట్టలు పోస్తరు గద. రాత్రి ఉప్పు దండిగున్న తొక్కుతోని అన్నం తిని, తెల్లారి ఆ మట్టిగుట్ట ఉరికి ఎక్కి, ఉరికి దిగి, రొప్పుకుంట వచ్చి డాక్టరు ముంగట కూసుంటరు. బీపీ మిషన్ల అంకె దుంకుతది. ఎనుకటి డాక్టరు నవ్వుకుంట రాసేటోడు.

పంపుల కాడ పనిచేసే బాపయ్య చలికాలంల గట్లనే వచ్చిండు. దిగిపోయేటందుకు ఎక్కువ దినాలు లేవు. కొడుకు నిఖిల్‌కు పనీపాట లేదు. మేడం ఆయన మొకం చూసి, మంచం మీద పండబెట్టి ఫ్యానేసింది. గంటైనంక చూసింది.

"బాపయ్యగారూ, నాకంటే మీ బీపీయే బాగుంది. మీరు ఫిట్."

"గట్లనకు బిడ్డా. ఇంకోపారి చూడరాదు."

"ఎన్నిసార్లు చూసినా ఇంతే. మంచిదే కదా, సంతోషపడండి."

"సంతోషమా? కొడుకు మొకం ఎట్ల చూడాలె?"

బయట పెండ్లాం ఎల్లమ్మ కాసుకోని ఉన్నది. ఫిట్టన్నదని చెప్పంగనే ఉమ్మేసింది. "థూ నీ బతుకు. పక్కింటాయన నీకంటె చిన్నోడు, మంచిగ గుండెజబ్బు తెచ్చుకున్నడు. నీకు సర్ది గూడ రాదాయె."

లైన్ల నిలబడ్డోళ్లు నవ్విన్రు. బాపయ్య గూడ నవ్విండు, ఏం చేస్తడు.

ఎండకాలం వచ్చింది. ఆ నెలాఖరుకు బాపయ్య దిగిపోవాలె. ఇంకొక్క మెడికల్ ఉన్నది. పోయినసారి గుట్ట పొద్దున ఎక్కిండు కాబట్టే పండుకుంటే బీపీ దిగిపోయిందట, మిట్టమధ్యాహ్నం ఎక్కితే దిగదట. నీళ్లు తాగితే చల్లబడుతదట. గీ తెలివి నిఖిల్‌ది. చంద్రపూర్ ఎండల కుక్క గూడ బయటికి రాదు. ముసలోన్ని గుట్ట ఎక్కిచ్చి, వాడు బండి మీద తువ్వాల కప్పుకోని నీడకు కూసున్నడు.

"ఆణఖీ ఏక్‌దా, బాబా!" అని కింది నుంచి ఒర్లిండట. ఇంకొక్కసారి అని. ఆ ఇంకొక్కసారికే బాపయ్య బోర్ల పడ్డడు.

దవాఖానకు తెచ్చేసరికి పెయ్యి పెనం తీరుగ కాలుతుంది. చెమట లేదు. కండ్లు మీదికి పోయినయి. మేడం నన్ను ఉరికిచ్చి జ్యూసు దుకాణంల ఉన్న ఐసంత తెప్పిచ్చింది. తడిదుప్పట్లు కప్పింది, సెలైన్ ఎక్కిచ్చింది. ఎల్లమ్మ వచ్చి మొదలు గుండెలు బాదుకున్నది. ఏదో యాదికొచ్చినట్టు లేసి మేడం చెయ్యి పట్టుకున్నది.

"ఇంక గుచ్చకు డాక్టరమ్మా. గట్లనే ఉండనియ్యి. ఇయ్యాళ పోతే పిలగానికి కొలువొస్తది. వచ్చే నెల పోతే ఎవలకేమొస్తది?"

"ముందు బయటికి పో!"

"నీకేంది, బదిలైతవు, పోతవు. మేం గదా ఈడ ఉండేది."

చంద్రపూర్ పెద్ద దవాఖానకు బయలెల్లినం. ఎనుక మేడం, ముంగట నా పక్కన నిఖిల్. బల్లార్‌పూర్ దాటంగ నా దిక్కు తిరిగి అన్నడు. "కాకా, హళూ చాలవా నా. ఘాయీ కాయ్ ఆహే?" మెల్లగ నడుపు, తొందరేమున్నదని. ఏడుస్తుండు, ఏడ్చుకుంటనే అన్నడు.

నడిమి కిటికీల నుంచి మేడం ఇన్నది. ఎనుక నుంచి రేకు మీద గుద్దింది. "దుర్గన్నా, తొక్కు! వాడు ఇంకోమాట మాట్లాడితే దింపెయ్!"

తొక్కిన. బాపయ్య బతికిండు.

ఏం బతుకు. ఎండ మెదడుకెక్కిందన్నరు. మాట పోయింది. ఒక పక్క చెయ్యి, కాలు పనిచెయ్యవు. నెలాఖరు దినం ఆఫీసోళ్లు వచ్చి శాలువను మంచం మీదనే కప్పి ఫొటో దిగిన్రు. మెడికల్‌కు మనిషి మా దవాఖానకే రావాలె, ఇంటికొచ్చేసరికి నెల మారింది. ఇప్పుడైతే తొవ్వపొంటి పోయేటోడు గూడ అన్‌ఫిటని చెప్తడు. కానీ అన్‌ఫిట్ కానీకి కొలువేది? మేడం పాత తారీఖు ఏసి రాయమంటే రాయనన్నది. పెద్దాఫీసుకు పోయి పిలగానికి కొలువియ్యిమని తనే బతిమిలాడింది. ఆళ్లు చాయ తాపి పంపిన్రు. కాలనీల ఆమెకు పాలు పోసుడు గూడ బందు పెట్టిన్రు.

ఒక సోమవారం పొద్దుగాల ఎల్లమ్మ, నిఖిల్ కలిసి బాపయ్యను తోపుడుబండి మీద తెచ్చి దవాఖాన వరండల బెంచీ మీద కూసోబెట్టిన్రు.

"ఏమైంది?" అని మేడం బయటికొచ్చింది.

"ఏం గాలే. నేను కూలికి పోవాలె, వాడు కూలికి పోవాలె. నువ్వే గద బతికిచ్చుకున్నవు. నువ్వే సాదుకో."

"ఎల్లమ్మా, ఇది పద్ధతి కాదు."

"పద్ధతులు నీకాడ మస్తున్నయి. గవ్వే తినిపియ్యి."

పోయిన్రు. మేడం నన్ను ఇంటికి దింపి రమ్మన్నది. పోయిన. తాళం. మళ్ల తీస్కచ్చిన. లైన్ల ఉన్నోళ్లు ఎవ్వలు నవ్వలే, ఎవ్వలు జరిగి జాగ గూడ ఇయ్యలే.

మధ్యాహ్నం మేడం తన డబ్బా తెచ్చి, పప్పు అన్నం మెత్తగ పిసికి ఆయన పక్కన కూసున్నది. "తినండి, పెద్దయ్యా." బాపయ్య పండ్లు గట్టిగ పట్టిండు. చెంచ పెదవులకు ఆనిచ్చింది. అన్నం గదుమ మీదికి కారింది. తుడిసి మళ్ల పెట్టింది. పని చేసే చెయ్యి లేపి చెంచను నూకిండు. అది బండల మీద పడి మోగింది.

"నాకియ్యిండ్రి మేడం" అని డబ్బా తీసుకున్న. బువ్వ చేత్తోని ముద్ద చేసి నోటి కాడ పెట్టిన. ఆమె దిక్కే చూసుకుంట నోరు తెరిసిండు. డబ్బాల ఉన్నదంత తిన్నడు.