లక్క ఆరకముందే

మూడో పూత వేసేటప్పుడు ఆమె మాట్లాడదు. ఊపిరి తగిలినా లక్క మీద మబ్బు పడుతుందని నమ్మకం. కుంచెను డబ్బా అంచుకు రెండుసార్లు ఒత్తి, రెక్క మొదలు నుంచి చివరిదాకా చెయ్యి ఎత్తకుండా ఒకే ఒక్క గీతగా లాగింది. టేకు చెక్క తేనెరంగుకు తిరిగింది. ఇంకా రెండు రెక్కలున్నాయి.

అది పడవ ప్రొపెల్లర్‌కు చెక్క అచ్చు. ఎదురుగా, పనిబల్లకు అటువైపు, ఆ అచ్చును చేసిన ఆమె భర్త కూర్చుని ఉలికి పదును పెడుతున్నాడు. అరవై ఏడేళ్లు. చెవి మీద పెన్సిలు, కనుబొమల్లో రంపపు పొట్టు. వీధిలో అందరూ ఆయన్ను కొలతాయన అంటారు. ఎవరింటికి వెళ్ళినా గుమ్మాన్ని చూపుతోనే కొలిచి, "పావంగుళం ఒరిగిందే!" అని, టీ చేతికి రాకముందే వాళ్ళ మనసు విరిచేవాడు. ఆమె మోచేత్తో పొడిచేది. మళ్ళీ ఇంకో ఇంట్లో అదే మాట.

పడవల పాత సామాన్లు ఎక్కడా దొరకనప్పుడు జనం ఆయన షెడ్డుకు వచ్చేవారు. తయారుచేసిన కంపెనీలు ఎప్పుడో మూతపడి ఉంటాయి. విరిగినదాన్ని గుడ్డలో చుట్టి తెచ్చి బల్ల మీద పెడతారు. ఆయన దాన్ని చూసి చెక్కతో అచ్చు చేస్తాడు. ఆమె లక్క పూస్తుంది. పోత మేస్త్రి దాన్ని ఇసుకలో నొక్కి తీసి, ఆ గుంటలో కరిగిన కంచు పోస్తాడు. కంచు చల్లారాక కాస్త కుంచించుకుపోతుంది కాబట్టి ఆయన స్కేలులో అంగుళాలు ఆ మేరకు పెద్దవి. పెళ్ళయిన కొత్తలో ఆ సంగతి తెలియక ఆమె దానితో కొలిచి తలుపుకు ఆరడుగుల తెర కుట్టింది. అంగుళం ఎక్కువొచ్చి నేల మీద ఈడ్చుకుపోయింది. "కంచు తెర కుట్టావు, చల్లారనీ, అదే పైకొస్తుంది" అన్నాడాయన. ఆ మాట మీద ముప్ఫై ఎనిమిదేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు. ఆ తర్వాత కుట్టిన తెరలన్నీ కూడా ఆమె పట్టుబట్టి అంగుళం ఎక్కువే కుట్టింది.

ఆ పొద్దున ఆయన కుడి చెప్పు ఎడమ కాలికి, ఎడమది కుడికి తొడుక్కుని షెడ్డులోకి వచ్చాడు.

"ఏమిటీ, కొత్త ఫ్యాషనా?" అంది.

ఆయన కాళ్ళవంక చూసుకుని, "బాగానే ఉన్నాయిగా" అన్నాడు.

వేళాకోళమాడుతున్నాడనుకుని ఆమె నవ్వింది. కాసేపటికి టీ గ్లాసును బల్ల మీద పెట్టబోయి, బల్ల అంచు దాటించి గాలిలో పెట్టాడు. గ్లాసు పగిలింది. ఆయన ముక్కలవంక కాక బల్లవంక చూశాడు, అదే పక్కకు జరిగినట్టు. "రాత్రి సరిగా పడుకున్నారా?" అంది ముక్కలు ఏరుతూ. ఆయన తల ఊపాడు.

మూడో రెక్క మీద కుంచె ఎత్తుతుండగా వాకిట్లో వ్యాను హారన్ మోగింది. పోత మేస్త్రి వచ్చాడు, నోటితో పిలిస్తే సరిపోయే చోట కూడా హారన్ కొట్టే మనిషి. ఏ చుట్టరికమూ లేదు, అయినా వీళ్ళను అత్తయ్యా, మామయ్యా అని పిలవడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది.

"అత్తయ్యా, పెళ్ళికూతురు ముస్తాబయిందా? కొలిమి వెలిగించి వచ్చాను. ఇవాళ పొయ్యకపోతే మళ్ళీ వచ్చే వారమే."

"గంట ఆరాలి. ముట్టుకున్నావంటే చెయ్యి విరుస్తా."

"నన్నంటావేం? ఆ బుద్ధి మామయ్యది."

నిజమే. లక్క ఆరిందో లేదో బొటనవేలితో నొక్కి చూడటం ఆయనకు అలవాటు. ప్రతి అచ్చు మీదా ఎక్కడో ఒకచోట ఆయన వేలిముద్ర పడేది. ఆమె సణుక్కుంటూ గరుకు కాగితంతో దాన్ని రుద్ది, మళ్ళీ పూత వేసేది.

"ఇవాళే పోయాలి" అన్నాడాయన. "ఎల్లుండేగా తనిఖీ."

ఆ పడవ టీచరమ్మది. ఆవిడా, వాళ్ళ అక్కా సాయంత్రాలు సరస్సులో తిరిగే చిన్న పాత పడవ. రాయికి కొట్టుకుని ప్రొపెల్లర్ రెక్క ఒకటి ఊడిపోయింది. ఎల్లుండి రేవులో తనిఖీవాళ్ళు వచ్చేసరికి పడవ సొంత ఇంజనుతో కదిలి చూపించాలి. లేకపోతే దాన్ని కట్టే చోటు ఇంకొకరికి వెళ్ళిపోతుంది. వాళ్ళక్క రోజంతా ఎదురుచూసేది ఆ ఒక్క గంట కోసమే.

పోత మేస్త్రి చేతులు వెనక్కి కట్టుకుని వంగి అచ్చును చూశాడు. ఏదో జోకు వెయ్యబోయి ఆగాడు. ఇటు వచ్చి చూశాడు. అటు వెళ్ళి చూశాడు.

"మామయ్యా, ఇది ఇంకెవరిదో కదూ?"

"టీచరమ్మదే."

"టీచరమ్మది ఎడమ తిరుగుడు కదా."

ఆమెకు తెలుసు, ఆ పడవ విషయంలో ఉన్న ఇబ్బందంతా అదే. చాలా పడవల ప్రొపెల్లర్లు వెనకనుంచి చూస్తే గడియారం ముల్లులా కుడికి తిరుగుతాయి. దీని ఇంజను ఎడమకు తిరుగుతుంది. అందుకే అంగట్లో దొరకలేదు. అందుకే ఈయన దగ్గరికొచ్చింది.

"అవును, ఎడమదే. ఎడమదే చేశాను."

పోత మేస్త్రి పాత కంచు ప్రొపెల్లర్‌ను తెచ్చి అచ్చు పక్కన పెట్టాడు. మనిషి తన రెండు అరచేతులను బల్ల మీద పక్కపక్కన పెట్టినట్టున్నాయి. కొలత అదే, ఒంపు అదే. ఇది అటు చూస్తోంది, అది ఇటు చూస్తోంది.

"నువ్వు తిరగేసి పెట్టావు."

పోత మేస్త్రి పాతదాన్ని బోర్లించాడు. మళ్ళీ వెల్లకిలా పెట్టాడు. "ఎలా పెట్టినా ఇంతే మామయ్యా" అన్నాడు. ఆ గొంతు అతనిది కాదు.

ఆమె చేతిలోని కుంచె నుంచి లక్క చుక్క నేలమీద పడింది. పదకొండు రోజులు పాతది ఆయన ఎదురుగానే ఉంది. దాన్ని చూస్తూనే గీశాడు, చూస్తూనే చెక్కాడు. నలభై నాలుగేళ్ళలో ఆయన చేతిలోంచి దిక్కు తప్పిన వస్తువు ఒక్కటి కూడా బయటికి పోలేదు. మూడు పూతలు వేసిన తనకైనా కనిపించలేదే! నునుపు చూసింది కానీ తిరుగుడు ఎన్నడూ చూడలేదు. తిరుగుడు చూసుకునేది ఎప్పుడూ ఆయనే.

ఆయన లేచి అచ్చును రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. బొటనవేలు తడి లక్కలో దిగబడింది. తడి, తడి అని అరవడానికి ఆమె నోరు తెరుచుకుంది. ఆయన రెక్క మీద వేలు ఆనించి, కళ్ళు చికిలించి, ఎవరో పరాయివాడు చేసిన వస్తువును చూస్తున్నట్టు చూశాడు.

"భలే చేశాడు" అన్నాడు చివరికి. "కానీ తప్పు చేశాడు."

టీచరమ్మ వచ్చేసరికి ముగ్గురూ అలాగే ఉన్నారు. వ్యానులో వెళ్ళి కంచు పోస్తుంటే చూద్దామని ఆవిడ ఎర్ర గొడుగు ఊపుకుంటూ హుషారుగా వచ్చింది. ఆయన అచ్చును బల్ల మీద పెట్టి నిటారుగా నిలబడ్డాడు.

"టీచరమ్మగారూ, తప్పు చేశాను. తిరగమరగా చేశాను."

"మీరా?" అందావిడ. ఆ ఒక్క మాటకే ఆయన తల దించుకున్నాడు. ఆయన చూపు వెంటే ఆవిడ చూపూ కిందికి వెళ్ళి చెప్పుల దగ్గర ఆగింది. ముప్ఫై ఏళ్ళు ఒకటో తరగతి పిల్లల చెప్పులు సరిచేసిన మనిషి. గొడుగును గోడకు ఆనించి, మెల్లగా అంది:

"మీ ఎడమ చెయ్యి ఎత్తండి చూద్దాం."

ఆయన కుడి చెయ్యి ఎత్తాడు.

పోత మేస్త్రి నవ్వబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఎడమది. ఇంకోసారి."

ఆయన అదే చేతిని ఇంకాస్త పైకెత్తాడు. జవాబు తెలిసిన పిల్లాడిలా, సరేనని చెబుతారని చూస్తూ నిలబడ్డాడు. పొద్దున ఆ చెప్పులు చూసి తను నవ్విందని ఆమెకు గుర్తొచ్చింది.

"వ్యాను తియ్యి" అంది టీచరమ్మ పోత మేస్త్రితో. "ఇప్పుడే ఆస్పత్రికి వెళ్ళాలి."

"వస్తాను. ఒక్క గీత గీసి వస్తాను" అన్నాడాయన. ఎవరెంత తొందరపెట్టినా వినలేదు. కొత్త టేకు దిమ్మను ముందుకు లాక్కున్నాడు. "పాతదాన్ని దీని మీద పట్టుకో. కదలనివ్వకు" అన్నాడు భార్యతో. ఆమె రెండు చేతులతో పట్టుకుంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. విరగని రెక్క మీద వేలితో తడుముతూ, మొదలు నుంచి అంచుదాకా, అంచు నుంచి ఒంపు పల్లానికి జారి, అది ఎటు తీసుకెళితే అటు పెన్సిలు లాగి బాణం గుర్తు వేశాడు.

"ఇది చూడకుండా గీశాను" అన్నాడు కళ్ళు తెరిచి. "చూసి చేసినదాన్ని నమ్మకండి."

ఆమె వంగి ఆయన చెప్పులు విప్పి, సరిగా తొడిగింది. ఆయన కాదనలేదు. వ్యానులో ఆమె భుజానికి ఆనుకుని కూర్చున్నాడు. వీధి మలుపు తిరుగుతుండగా, "కిటికీ మూశావా? లక్క మీద దుమ్ము పడుతుంది" అన్నాడు. మూశానంది. మూయలేదు.

ఆస్పత్రిలో ఆయన్ను బల్ల మీద పడుకోబెట్టారు. నర్సు వయసెంతని అడిగింది. ఆమె చెప్పింది. ఏం పని చేస్తారని అడిగింది. అచ్చులు చేస్తారని చెప్పి ఆమె ఇటు తిరిగేసరికి ఆయన పోయాడు. చెవి మీద పెన్సిలు అలాగే ఉంది.

తలలో రక్తనాళం కొన్నాళ్ళుగా కొంచెం కొంచెంగా చెమరుస్తోందనీ, ఇవాళ పగిలిందనీ డాక్టరు చెప్పాడు. ఆమె వింది. కొన్నాళ్ళుగా అంటే ఎన్నాళ్ళని అడిగింది. ఓ రెండు వారాలు ఉండొచ్చన్నాడు.

పొద్దు వాలేటప్పటికి ఇల్లు జనంతో నిండింది. కూతురు బయలుదేరిందనీ, రెండు గంటల్లో వచ్చేస్తుందనీ ఎవరో చెప్పారు. ఆమెకు అవి తన ఇంటి మాటల్లా వినిపించలేదు. షెడ్డు కిటికీ తెరిచి ఉందని గుర్తొచ్చి లేచింది. టీచరమ్మ వెంట వచ్చింది.

పోత మేస్త్రి అప్పటికే లోపలున్నాడు. పాత ప్రొపెల్లర్‌ను కొత్త దిమ్మ మీద ఆనించి, బాణంగుర్తుతో పోల్చి చూస్తున్నాడు. మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టాడు.

"సరిగ్గానే గీశాడు అత్తయ్యా" అన్నాడు. "వెంట్రుకవాసి తేడా లేదు." అప్పుడు ఏడ్చాడు, మొహం కప్పుకోకుండా, పెద్దగా.

"పడవ సంగతి వదిలెయ్యి నాయనా" అంది టీచరమ్మ. "చోటు పోతే పోయింది."

ఆమె కిటికీ మూసి గడియ పెట్టింది. మేకు మీదున్న పెద్దంగుళాల స్కేలు తీసి పోత మేస్త్రి చేతిలో పెట్టింది.

"నువ్వు చెక్కు" అంది.

"నేనా? నా చేతికి అంత పనితనం ఎక్కడిది అత్తయ్యా? ఉలి వేస్తే ఈ గీత కూడా పోతుంది."

"గీసింది చెక్కడానికేగా. మోటుగా ఉన్నా ఫర్వాలేదు, తిరుగుడు సరిగ్గా ఉంటే చాలు. కొలిమి చల్లారనివ్వకు. పూత నేను వేస్తాను."

ఆమె అలా ఎలా మాట్లాడగలిగిందో అక్కడున్న ఇద్దరికీ అర్థం కాలేదు. ఆమెకూ అర్థం కాలేదు. పోత మేస్త్రి దిమ్మనూ, పాతదాన్నీ రెండు చంకల్లో పెట్టుకుని వెళ్ళాడు.

బల్ల మీద ఏ పడవకూ పనికిరాని అచ్చు మిగిలింది. ఆమె దగ్గరగా వంగింది. దుమ్ము ఒక్క రేణువైనా పడలేదు. చెయ్యి అలవాటుగా గరుకు కాగితాన్ని అందుకుంది, రెక్క దాకా వెళ్ళి ఆగింది. కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టేసింది.

రెక్క మొదట్లో లక్క గట్టిపడింది. అందులో బొటనవేలి ముద్ర, ఒక్క గీత కూడా చెదరకుండా.