రంగు మీద బిగించిన ఎర్త్

నాన్న కారు రేడియోలో కుయ్యిమని కూత వస్తోందని, ఎవరికీ అంతుపట్టడం లేదని తెలిసిన రోజు నా కడుపు చల్లబడింది. ఆ కారు నా షెడ్డుకే రావాలని గట్టిగా కోరుకున్నాను.

ఎనిమిదేళ్ల కిందట నేనూ, మా అక్క మొగుడూ నాన్న కార్ ఆడియో షాపులో పనిచేసేవాళ్లం. పళ్ల డాక్టరు కారులో బావ బిగించిన యాంప్లిఫయర్ తీగ వేడెక్కి సీటు కింద కార్పెట్ అంటుకుంది. బావ ఆ తప్పు తెచ్చి నా నెత్తిన రుద్దాడు. నాన్న నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. "ఇంకెప్పుడూ నా తీగ ముట్టుకోకు" అన్నాడు, కస్టమర్లందరి ముందూ. ఆ మాట ఊరంతా పాకింది. సొంతంగా ఈ రేకుల రిపేరు షెడ్డు పెట్టాక మూడేళ్లు ఈగలు తోలుకున్నాను.

కారు వచ్చింది. నడుపుతున్నది బావ, పక్కన నాన్న. పొద్దున్నే వార్తలు వినకపోతే నాన్నకి కాలూ చెయ్యీ ఆడవు.

"మరదలు పిల్లా, నీ చెయ్యి పడాల్సిందే. రేడియో రెండుసార్లు మార్చా, ఏంటెనా మార్చా" అన్నాడు బావ, పళ్లు ఇకిలిస్తూ.

"ఇంజను మార్చలేదా బావా?" అన్నాను.

ఇంజను ఆపి రేడియో పెట్టాను. వార్తలు శుభ్రంగా వినిపించాయి. ఇంజను వేయగానే కూత మొదలైంది. ఏక్సిలరేటర్ తొక్కితే అది కూడా పైకి లేచింది. ఏంటెనా తీగ పీకేశాను. వార్తలు పోయాయి కానీ కూత పోలేదు. అంటే అది గాల్లోంచి రావడం లేదు, కారు తీగల్లోంచే వస్తోంది. ఏంటెనా మళ్లీ తగిలించి, సీటు కింద మ్యాట్ ఎత్తి యాంప్లిఫయర్ తీగలు చూశాను.

కరెంటుని కారు ఇనుములోకి దింపే ఎర్త్ తీగని నిగనిగలాడే రంగు మీదే బోల్టు పెట్టి బిగించారు. బోల్టు దగ్గర తీగ తొడుగు అప్పుడే మాడడం మొదలైంది. రంగు కరెంటుని అడ్డుకుంటుందని, దాన్ని గీకి ఇనుము మెరిశాకే ఎర్త్ బిగించాలని మా ఇద్దరికీ నేర్పింది నాన్నే. బావకి ఆ రెండు నిమిషాల ఓపిక ఏనాడూ లేదు.

"నాన్నా, ఒకసారి ఇటు రా."

నాన్న వంగి చూశాడు. నేనొక క్లిప్పు తీగ తీసి, ఒక కొస ఎర్త్‌కి, రెండో కొస సీటు పట్టాల ఇనుముకి తగిలించాను. కూత ఆగిపోయింది. వార్తలు చదివే ఆవిడ గొంతు ఎదురుగా కూర్చున్నట్టు వినిపించింది.

"ఎవరు బిగించారిది?" అన్నాడు నాన్న.

"ముందున్న మెకానిక్ ఎవడో..." అన్నాడు బావ.

నేను క్లిప్పు తీసేశాను. కుయ్యిమంది.

"ఈ కారు మీద నువ్వు తప్ప ఎవరూ చెయ్యి వెయ్యలేదు" అన్నాడు నాన్న.

"డాక్టరు గారి కారులో తీగ ఎవరు బిగించారు బావా?" అన్నాను. ఏక్సిలరేటర్ మీద చెయ్యి పెట్టి నొక్కాను. కూత షెడ్డు రేకులకి తగిలి మోగింది. ఎదురు టైర్ల కొట్టు వాళ్లు బయటికొచ్చి చూశారు. రావాలనే నొక్కాను. ఆ రోజూ అందరూ చూశారు మరి.

"నేనే! ఆ కారులోనూ నేనే బిగించా, ఆపు!" అని అరిచాడు బావ.

చెయ్యి తీశాను. నాన్న మొహంలో నెత్తురు లేదు. ఆ మాడిన తొడుగుని వేలితో తడిమాడు.

"నువ్వే సరిగ్గా బిగించమ్మా" అన్నాడు.

ఎనిమిదేళ్లుగా దాచుకున్న మాట అప్పుడు బయటికొచ్చింది.

"నీ తీగ ముట్టుకోవద్దన్నావు కదా నాన్నా. జబ్బు చెప్పాను, అంతే. మందు మీరే వేసుకోండి."

క్లిప్పు తీగ చుట్టి జేబులో పెట్టుకుని, గరుకు కాగితం ముక్క ఒకటి సీటు మీద పడేశాను. బావ చెయ్యి చాచాడు. నాన్న ఆ చేతిని పక్కకి తోసి, కాగితం తీసుకుని, కీళ్లు పట్టేసిన మోకాళ్ల మీద నేల మీదికి దిగాడు. రంగు గీకడం మొదలుపెట్టాడు.

నేను ఆపలేదు.