ఉబ్బిన పీపా

తుంటి ఆపరేషనై వచ్చిన హార్లన్ మేడ మెట్లెక్కలేడని, వంటింటి పక్క గదిలో మంచం వేయించింది లోర్నా. ఆ గదిలో అప్పటికే ఒక పీపా అడ్డంగా పడుకోబెట్టి ఉంది. విస్కీ తీసేశాక కంపెనీవాళ్ళు అమ్మేసిన పాత పీపా. అందులో ఆమె స్వయంగా కాచిన నల్ల బీరు ఏడు నెలలుగా ఊరుతోంది. ఇండియానా చలికి మొగుడు వణికిపోతుంటే చూడలేక హీటరు బాగా పెంచింది. వారం కిందట మరిది క్లీట్ వచ్చి, "వాసనంతా పోతోంది వదినా" అంటూ పీపా మీది చెక్క బిరడాను సుత్తితో బిగగొట్టి వెళ్ళాడు.

శనివారం పొద్దున్నే కాఫీ తెచ్చిన లోర్నాకు గదిలో ఏదో కిర్రుమన్న చప్పుడు వినిపించింది. వంగి చూసింది. పీపా ముందువైపు గుండ్రటి పలక నిండు కడుపులా ఉబ్బి ఉంది. చెక్కల సందుల్లోంచి నురగ కారుతోంది. ఆ పలకకు ఎదురుగా, మూరెడు దూరంలో హార్లన్ తల.

క్లీట్‌కి ఫోన్ చేసింది లోర్నా.

"వేడికి మళ్ళీ పులిసింది వదినా!" ఫోన్లో అరిచాడు క్లీట్. "గ్యాసు పోయే దారి లేదు. బిరడా జోలికి పోకు, ఎగిరిందంటే ముఖం మిగలదు. ముందు అన్నయ్యని బయటికి లాగెయ్!"

"ఎలా లాగను? లేపితే కుట్లు ఊడతాయి. మంచం గుమ్మంలో పట్టదు."

"అయితే పలకకి సన్న చిల్లు పెట్టు. ఎదురుగా మాత్రం నిలబడకు. ఈ మంచులో నేను రావడానికి గంట పడుతుంది."

వంటింటి బల్లను ఈడ్చుకొచ్చి హార్లన్‌కు అడ్డంగా నిలబెట్టింది.

"నన్ను బీరే చంపుతుందని మా అమ్మ ఎప్పుడూ అనేది," అన్నాడతను బల్ల వెనకనుంచి.

"నోర్మూసుకుని దుప్పటి కప్పుకో!"

పక్కకు ఒదిగి, చెయ్యి మాత్రం చాచి పలకకు డ్రిల్లు ఆనించింది. చెక్క పొడి రాలుతోంది. లోపలినుంచి పీపా మూలిగింది. ఇనుప పట్టీ ఒకటి టక్కున జారింది. కళ్ళు మూసుకుని, చెయ్యి తియ్యకుండా ఇంకాస్త నొక్కింది.

బుస్సుమని నల్లటి ధార బల్లకు తగిలి కప్పు దాకా చిమ్మింది. డ్రిల్లు చేతిలోంచి జారిపోయింది. ధార పది నిమిషాలు అలాగే కొట్టింది. తర్వాత సన్నగిల్లింది. పలక మెల్లగా లోపలికి దిగింది. చిల్లులో మేకు దూర్చి, తడి నేలమీద కూలబడింది లోర్నా.

బల్ల వెనకనుంచి హార్లన్ చిన్నగా అన్నాడు: "ఆ చప్పుడు నేను గురువారం నుంచే వింటున్నా."

"మరి చెప్పలేదేం?"

"చెబితే హీటరు తగ్గించేస్తావనుకున్నా. చలికి చచ్చిపోతానేమోనని భయమేసింది."

తిట్టడానికి నోరు తెరిచింది గానీ ఏడుపే వచ్చింది. బల్ల పక్కకు తోసి, అతని చెయ్యి పట్టుకుంది. క్లీట్ బండి వాకిట్లో ఆగేదాకా వదల్లేదు.