యేసు పేరు వచ్చేదాకా

డింప్నా పొద్దున్నే వచ్చి, కోటు కూడా విప్పకుండా విషయం చెప్పేసింది. "సోమవారానికి ఆ వృద్ధాశ్రమంలో మంచం ఖాళీ అవుతుందట, చిన్నన్నయ్యా. పెద్దన్నయ్య కోసం సరేనన్నాను."

మలాకీ టీ కలుపుతూనే ఉన్నాడు. చక్కెర ఎప్పుడో కరిగిపోయింది. కిటికీ దగ్గర కుర్చీలో వాళ్ల పెద్దన్నయ్య ఫర్సీ కూర్చుని ఇంటి ముందున్న మాస్క్ సరస్సు వైపు చూస్తున్నాడు. చలికాలంలో వచ్చిన పక్షవాతం అతని కుడిచేతినీ మాటనీ ఒకేసారి పట్టుకుపోయింది. అది వచ్చిన వేళ అతను గాలానికి ఎరగా నకిలీ మే ఈగ కడుతున్నాడు. కొక్కేనికి పసుపు ఉన్ని చుట్టి, పుంజు మెడ ఈక సగం తిప్పాడు. అక్కడితో ఆగిపోయింది. కిటికీ గూట్లో, చిన్న ఇనుప బిగింపులో ఆ ఈగ ఇప్పటికీ అలాగే ఉంది. వేలాడుతున్న దారం తెంపడానికి ఇంట్లో ఎవరికీ చెయ్యి రాలేదు.

"సరస్సు మీద మే ఈగలు లేచేదాకా ఆగుతానన్నావు," అన్నాడు మలాకీ.

"లేచాయిగా! నా కారు అద్దం నిండా అవే. మొన్న పన్ను చీము పట్టి పెద్దన్నయ్య తిండి మానేస్తే మనకి తెలిసిందా? మొండికేశాడని నేనే కసురుకున్నాను. నొప్పెక్కడో చెప్పగలిగితే నేనెందుకు పంపిస్తాను?"

"పడవెక్కితే చెప్తాడు."

"పడవేమన్నా డాక్టరా?"

"ఒక్కసారి తీసుకెళ్లనీ. మాటొస్తే?"

డింప్నా అప్పుడు కోటు విప్పింది. "అడిగినదానికి ఒక్క జవాబొస్తే చాలు, ఫోన్ చేసి వద్దంటాను. నన్ను తిట్టినా సరే, జవాబే అనుకుంటాను."

ఇద్దరూ చెరో భుజం పట్టి ఫర్సీని పడవలోకి దించి, వెనక బల్ల మీద దిండ్లు ఆనించి కూర్చోబెట్టారు. డింప్నా ఒడ్డునే ఉండిపోయింది. నైరుతి గాలి కావలసినంత ఉంది. ఒడ్డుకి దూరంగా వచ్చాక మలాకీ తెడ్లు లోపల పెట్టి పొడవాటి గాలం కర్ర ఎత్తాడు. పట్టుదారం సాలీడు పోగులా గాలికి తేలింది. దాని చివర ఫర్సీ కట్టిన ఈగ అల తర్వాత అల మీద వాలుతూ లేస్తూ వెళ్లింది. అతను కట్టినవి డబ్బాలో ఇంక నాలుగైదే మిగిలాయి.

ఈ వేటలో కిటుకంతా ఆగడంలోనే ఉంది. ట్రౌట్ చేప పైకొచ్చి ఈగను నోట కరుచుకోగానే కర్ర లేపితే ఉత్త కొక్కెమే తిరిగొస్తుంది. అది తల తిప్పి కిందికి దిగేదాకా ఓర్చుకోవాలి. మలాకీకి ఆ ఓర్పు పుట్టుకతోనే లేదు. అందుకే మీసాలు రాని రోజుల నుంచీ ఫర్సీ వెనక కూర్చుని మరియమ్మ ప్రార్థన పైకి చదివేవాడు. ప్రార్థన మధ్యలో యేసు పేరు వచ్చాకే తమ్ముడు కర్ర లేపాలి. "ఈ వంకనైనా నీ నోట ప్రార్థన వినపడుతోంది," అని చర్చి ఫాదర్ గారు ఫర్సీని ఎగతాళి చేసేవారు. ఈ వసంతంలో మలాకీ తనే చదువుకుని చూశాడు. మొదటి వాక్యంలోని 'వందనము' అనకముందే చెయ్యి లేచిపోయేది. ఒక్క చేపా దక్కలేదు.

నీళ్ల మీద నల్లటి ముక్కు కనిపించింది. ఈగ మాయమైంది.

"దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము..."

మలాకీ గిర్రున వెనక్కి తిరిగాడు. ఫర్సీ మూతి ఒక పక్కకి వాలే ఉంది. గొంతు తుప్పు పట్టినట్టుంది కానీ మాటలు మాత్రం కడిగిన గ్లాసుల్లా ఉన్నాయి. "కర్తగారు మీతో ఉన్నారు..." మలాకీ వింటూ ఉండిపోయాడు. యేసు పేరు వచ్చింది, దాటిపోయింది. ఫర్సీ ఎడమచేత్తో బల్ల మీద దబదబా కొట్టాడు. లేపరా వెధవా అన్నట్టున్నాయి ఆ కళ్లు. కర్ర లేపేసరికి దారం తేలిగ్గా వచ్చింది.

"పోతే పోయింది అన్నయ్యా! మాట్లాడావు! ఏదీ, నా పేరు చెప్పు. మలాకీ. మ..."

ఫర్సీ నోరు తెరిచాడు. పెదాలు దేనికోసమో వెతుక్కున్నాయి. నుదుట చెమట పట్టింది. "దేవవర..." అని ఆగి, మొహం అటు తిప్పుకున్నాడు.

మలాకీ మళ్లీ మళ్లీ ఈగను వదిలాడు. మరో చేప రాలేదు. కాసేపటికి గాలి పడిపోయింది, పట్టుదారం నీళ్ల మీదికి జారిపోయింది.

ఒడ్డున డింప్నా అంతా విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంట్లో కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "పెద్దన్నయ్యా, పన్ను ఇంకా నొప్పెడుతోందా? ఊఁ అను చాలు." అతని గడ్డం వణికింది. ఆమె ఎదురుచూసింది. చివరికి తన జేబురుమాలుతో అతని మూతి తుడిచింది.

"చేపొస్తేనే నోరు తెరుస్తానంటే నేనెలా చూసుకోను, చిన్నన్నయ్యా?" అంది మెల్లగా.

మలాకీ గిన్నెలు కడిగే తొట్టి నిండా నీళ్లు పట్టి అన్న ముందు పెట్టాడు. మిగిలిన ఈగల్లో ఒకటి నీళ్ల మీద వదిలి, అడుగు నుంచి వేలితో గుటుక్కున లాగాడు. ఫర్సీ చూశాడు. ప్రార్థన మొదలవలేదు. మలాకీ మళ్లీ లాగాడు. బల్లంతా నీళ్లు.

"ట్రౌట్ అలా లాక్కుంటుందా? ముందు ముక్కు పైకి పెడుతుంది," అంది డింప్నా.

మలాకీ వేలు పైకి పెట్టి ఈగను ముంచాడు.

ఫర్సీ ఈగను చూశాడు, వేలిని చూశాడు, తమ్ముడి మొహం చూశాడు. ఎడమవైపు పెదవి పైకి లేచింది. భుజాలు కదిలాయి. సంతలో కొన్న ఈగలు ఎవరైనా తెచ్చి చూపిస్తే ఇలాగే నవ్వేవాడు, చప్పుడు లేకుండా. ఇంత నాసిరకం నకలుకి ఏ చేపా పడదు.

డింప్నా బీరువా మీంచి సంచి దించి పెద్దన్నయ్య చొక్కాలు మడతపెట్టడం మొదలుపెట్టింది. తడిసిన ఈగ ఇక తేలనని మొరాయించింది. మలాకీ డబ్బాలోంచి ఇంకోటి తీశాడు. అన్న నవ్వుతున్నంతసేపూ ముంచుతూనే ఉన్నాడు.