ఎరగా విడిచిన పన

మంచుతెర విడకమున్నె పుష్యమాస ప్రభాతారుణకిరణములు పరిపక్వశాలిక్షేత్రములపైఁ బ్రసరింపఁ గొడవళ్ల సవ్వడియుఁ గూలిజనుల పాటలును గృష్ణాతీరమందలి యా క్రైస్తవగ్రామమును మేల్కొలుపుచుండెను. మోషే ధర్మశాస్త్రముచొప్పునఁ జేని మూలలు గోయక విడుచుటయు, మఱచి విడిచిన పనకై, అనఁగాఁ గోసి కట్టిన వరికట్టకై, మరల వెనుకకుఁ బోకుండుటయు నచ్చటి రైతులకుఁ దాతలనాఁటి యాచారము. విధవలును బేదలును అట్లు చేన మిగిలిన పరిగె వెన్నుల నేఱుకొని బ్రదుకుదురు.

సంఘపెద్దయైన యోనాతాను మాత్రము పెట్టుచేతికంటె ననుమానించు కన్నునే యెక్కువగా వాడుకొనువాఁడు. విధవయగు సలోమి గంప తక్కినవారి గంపలకంటె నిండుగా నుండుట యాతని కంటిలో నలుసయ్యెను. వేకువనే వచ్చి ప్రొద్దుగ్రుంకువఱకు నడుమెత్తక యేఱుటచేత నది నిండుచున్నదని తలంపక, తన చేని కుప్పలలో దొంగిలుచున్నదనియే నిశ్చయించెను. ఒకనాఁడు కూలివారు మరలినపిదప నొక నిండుపనను గట్టుచెంత విడిచి గడ్డివామి చాటున నిలిచెను. సలోమి వచ్చి పనను జూచి తడవు నిలిచి నలుదెసలు పరికించి కన్నులొత్తుకొని దానిని దల కెత్తుకొనెను. దొంగ గాకున్న నలుదెసలు చూడనేల యని యాతఁడు పొంగిపోయెను.

ఆదివారమునఁ బెద్దలు కూడిరి. నేరము రుజువైనచో సలోమికి గుడిలోఁ బ్రభువుబల్ల సంస్కారమును లేదు, ఏ చేనను బరిగెయు లేదు. ఇంట నిద్దఱు పసిబిడ్డలు. వృద్ధబోధకుఁడగు తీతు, పనను మఱచి విడిచితిరా యని యోనాతానును బ్రశ్నించెను.

"మఱవలేదు. దీని దొంగతనము బయలుపఱచుటకు నేనే యుంచితిని. నలుదెసలు చూచి మఱి యెత్తుకొన్నది."

"మఱచినదైనచో నది యామెదే. మఱవనిదైనచో, గ్రుడ్డివాని త్రోవలో నడ్డురాయి వేయరాదను విధికి మీరే యుత్తరవాదులు."

అది పాతనిబంధన యనియుఁ దాము కృపక్రింద నున్నవారమనియు యోనాతాను వాదించెను.

"బలిపీఠములు గతించినవి. దయ గతింపలేదు" అని చెప్పి బోధకుఁడు, నలుదెసలు చూచితివేల యని సలోమి నడిగెను.

"అయ్యగారు కనబడితే దండం పెడదామని చూశానండి. ఇన్నాళ్లకి మా మీద దయ కలిగిందనుకున్నాను" అని యామె తల వంచుకొనెను. నిర్దోషిణియని పెద్దలు తీర్పు చెప్పిరి. ఆ సాయంకాలమే సలోమి యా పనను దెచ్చి యోనాతాను గుమ్మమున దించిపోయెను.

మఱుసటి కోతకు యోనాతాను సిగ్గుపడి నాలుగు మూలలును విడిచెను, మంచిమనసుతోనే నిండుపనలును విడిచెను. ఒక్కరును రాలేదు. ఏ పన చాటున నే కన్ను పొంచియున్నదో యని పరిగె యేఱువారు దూరముగాఁ దొలగిపోయిరి. అకాలవర్షము గురిసెను. తడిసిన పన నెత్తుకొనఁబోయి, వెనుకకుఁ దీసికొనరాదను విధి తలఁపునకు రాఁగా నాతఁడు చేయి మరల్చుకొని, తన ధాన్యము తన కన్నులయెదుటనే మొలకలెత్తుచుండఁ జూచుచు గట్టుమీఁద నిలిచియుండెను.